నాలుగు పద్యాల రుక్మిణి

మా ఊరి శ్రీరామనవమి పందిట్లో 'శ్రీకృష్ణ తులాభారం' వేద్దామనుకున్నప్పుడు నన్ను రుక్మిణికి తీసుకున్నారు. నేను సత్యభామ ఆశించాను. పదేళ్లు సంగీతం నేర్చుకున్నదాన్ని. 'మీరజాలగలడా' నిద్రలో లేపి అడిగినా పాడతాను. కానీ ఆ వేషానికి వేరే ఊరి ఆర్టిస్టుని మాట్లాడేశారు. ఇరవై ఏళ్లుగా ఆవిడ కడుతున్నది అదే వేషం. నాటకం రాతప్రతి చేతికొచ్చిన రాత్రి కూర్చుని లెక్కపెట్టాను. నాటకం నేర్పే మాస్టారు కుదించిన ప్రతిలో సత్యభామకి పాటలు కాక 22 పద్యాలు. నాకు 4. ఏడుపొచ్చింది.

ముత్తరాజు సుబ్బారావు గారి ఈ నాటకం పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది స్థానం నరసింహారావు గారే. బాపట్లలో పుట్టిన మగమనిషి, సత్యభామగా జడ ముందుకేసుకుని నడిచొస్తే ఆడవాళ్లే కళ్లార్పకుండా చూసేవారట. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన స్టేజీ మీద పాడిన 'మీరజాలగలడా' పాటే 1966 సినిమాతో ఇంటింటికీ చేరింది. మరి ఆయన పక్కన రుక్మిణి ఎవరు కట్టేవారు? మా ఊళ్లో నాటకాల పిచ్చి ఉన్న పెద్దవాళ్లందరినీ అడిగాను. ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆ రోజు నుంచి ఈ వేషం మీద నాకు పట్టుదల పుట్టింది.

రిహార్సల్స్ మొదలైన వారానికే తప్పు చేశాను. నా మొదటి పద్యం కందం. మోహన రాగంలో అందుకుని, చివరి అక్షరం దగ్గర రాగం తీయడం మొదలుపెట్టాను. పై షడ్జం దాటి వెళ్లి, తిరిగి తిరిగి దిగాను. హార్మోనియం తాతగారు తలూపుతూ నాతోపాటు వస్తున్నారు. మాస్టారు మాత్రం చెయ్యెత్తి ఆపేశారు.

"బాగా పాడావు తల్లీ. కానీ ఇప్పుడు పాడింది రుక్మిణి కాదు. నువ్వు సత్యభామతో పోటీకి దిగావు. రుక్మిణి దిగదు. దిగి ఉంటే సత్యకి అంత మంట ఉండేదే కాదు. ఎదటివాళ్లు తిరిగి అంటే కోపం తీరుతుంది. అనకపోతేనే రగులుతుంది."

ఆ మాట రాత్రంతా వదల్లేదు. నంది తిమ్మన గారి పారిజాతం కథ గుర్తుచేసుకున్నాను. నారదుడు పువ్వు తెచ్చాడు, కృష్ణుడు పక్కనున్న రుక్మిణికిచ్చాడు, ఆవిడ తీసుకుంది. అంతే! చెలికత్తె ఆ కబురు మోసుకొస్తే అక్కడ సత్య అలకపాన్పు ఎక్కింది. తగువంతా రుక్మిణి గురించే, తగువులో రుక్మిణి లేదు. మరి స్టేజీ మీద ఆమెని ఎలా నిలబెట్టాలి? మెతకగా, పాపం మంచిది అన్నట్టు ఆడితే జనం పది నిమిషాల్లో మర్చిపోతారు.

దారి నాకు పోతన గారి భాగవతంలో దొరికింది. పెళ్లి కుదరడం లేదని మా నాయనమ్మ నాచేత 41 రోజులు రుక్మిణీ కల్యాణం చదివించింది. మన ఇళ్లలో ఎంతమంది ఆడపిల్లలు అలా చదివారో! అప్పట్లో అది పెళ్లి కోసం చదివే మంత్రంలాగే అనిపించింది. ఇప్పుడు మళ్లీ తీశాను. అన్న శిశుపాలుడికి ఖాయం చేశాడు. ఈ పిల్ల అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుణ్ణి పిలిచి, నేరుగా కృష్ణుడికే కబురు పంపింది. ఏ రోజు, ఏ గుడి దగ్గరికి వచ్చి తీసుకెళ్లాలో కూడా తనే చెప్పింది. 'ఏ నీ గుణములు కర్ణేంద్రియంబులు సోక' అని మొదలయ్యే సీసం గొంతెత్తి చదువుకుంటుంటే ఒళ్లు గగుర్పొడిచింది. ఇంత తెగువ ఉన్న మనిషి తులాభారంలో ఊరుకుందంటే చేతకాక కాదు. కృష్ణుణ్ణి ఒకసారి అడిగి తెచ్చుకుంది, ఇక కట్టిపడేయాల్సిన అవసరం ఆమెకి లేదు. నా రుక్మిణి నాకు అప్పుడు కనబడింది.

ఆ తర్వాత కష్టమంతా నిలబడటమే. సత్యభామ అక్క ఒక పద్యం అందుకుంటే మూడు నిమిషాలు, వన్స్ మోర్ పడితే ఆరు. అంతసేపూ నేను స్టేజీ మీదే ఉండాలి. చేతులు ఏం చెయ్యాలో తెలియక మొదట్లో వడ్డాణం సర్దుకునేదాన్ని. దాన్నీ మాన్పించారు మాస్టారు. "విను. ప్రతి మాటా మొదటిసారి విన్నట్టు విను" అన్నారు. అక్క నన్ను దెప్పే పద్యం వినీ వినీ, ఆ పొగరు వెనక ఆవిడ భయం నాకు వినిపించసాగింది. ఆ మాటే అక్కతో అంటే, "ఇన్నేళ్లలో రుక్మిణి కట్టినవాళ్లెవరూ నా పద్యం వినలేదు చెల్లీ. తమ వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తారు" అంది.

నాటకం రోజు రాత్రి పది దాటాక 'పరబ్రహ్మ పరమేశ్వర' ప్రార్థనతో తెర లేచింది. తులాభారం సీను వచ్చేసరికి రెండున్నర. పిల్లలు చాపల మీద నిద్రపోయారు, ముసలివాళ్లు మాత్రం దుప్పట్లు కప్పుకుని చూస్తున్నారు. కిరీటం బిగుతుకి కణతలు లాగేస్తున్నాయి.

మా త్రాసు సంగతి చెప్పాలి. కృష్ణుడు కూర్చునేది నిజానికి బల్ల మీద, చుట్టూ జరీ గుడ్డ. నగలున్న పళ్లేన్ని గిలక మీదుగా తాడుతో పైన ఉంచుతారు. నేను తులసి పెట్టగానే తెర వెనక అబ్బాయి తాడు వదలాలి, పళ్లెం నేలకి దిగాలి.

కల్యాణి రాగంలో నా ఆఖరి పద్యం పాడి, కళ్లకద్దుకుని తులసి దళం నగల మీద పెట్టాను. పళ్లెం దిగలేదు. తాడు గిలకలో ఇరుక్కుంది. లోపల్నుంచి గుసగుసలు వినబడుతున్నాయి. గుండె దడదడలాడింది. కృష్ణుడు నా వైపే చూస్తున్నాడు.

అప్పుడు అక్క కదిలింది. నా కాళ్ల మీద పడాల్సింది పళ్లెం దిగాక. ఆవిడ ముందే వచ్చి, మోకాళ్ల మీద కూలబడి, నా పైట చెంగు రెండు చేతులా పట్టుకుంది. ప్రతిలో లేని మాట ఒక్కటే అంది: "అక్కా, ఇంకోసారి పిలువు." హార్మోనియం తాతగారు వెంటనే శ్రుతి అందించారు. పద్యం చివరి పాదం మళ్లీ ఎత్తుకున్నాను. ఈసారి రాగం తీశాను, మాస్టారు వద్దన్నంత పొడుగూ తీశాను. అక్క తల మీద నా చెయ్యి అలాగే ఉంది. ఆవిడ నిజంగానే ఏడుస్తోందని అరచేతికి తెలుస్తోంది. ఎక్కడో కిర్రుమంది. పళ్లెం ఒక్క ఊపు ఊగి, మెల్లగా, చాలా మెల్లగా నేలకి దిగింది.

వన్స్ మోర్ అనలేదు ఎవరూ. దుప్పట్లలోంచి చేతులు బయటికొచ్చి దణ్ణం పెట్టాయి.

తెర పడ్డాక మేకప్ తుడుచుకుంటుంటే ఒక ముసలమ్మ వెతుక్కుంటూ వచ్చింది. "ఆ తులసి ఇస్తావా తల్లీ, మనవరాలికి పెట్టాలి" అని చెయ్యి చాపింది. నేనూ అక్కా టార్చి పట్టుకుని అట్టనగలన్నీ ఒక్కొక్కటే తీసి వెతికాం. ఒక హారం వెనక బంగారు కాగితానికి అంటుకుని దొరికింది, కొంచెం వాడి.