బ్రేక్ అంటే విరగడమా, పగలడమా, తెగడమా?

ఇంగ్లీషులో కర్ర బ్రేక్ అవుతుంది, కుండ బ్రేక్ అవుతుంది, దారం కూడా బ్రేకే అవుతుంది. మనకి అలా కుదరదు. కర్ర విరగాలి, కుండ పగలాలి, దారం తెగాలి. "దారం పగిలింది" అంటే మాటలు నేర్చుకుంటున్న పిల్ల కూడా నవ్వుతుంది. బండి మీద నుంచి పడ్డ మనిషికి ఒకే దెబ్బలో కాలు విరుగుతుంది, తల పగులుతుంది, వేలు తెగుతుంది, ఏది ఎక్కడ వాడాలో ఎవరూ తడుముకోరు.

మునక్కాయ చూడండి. కూరకి ముక్కలు చేసేటప్పుడు చేత్తో వంచితే టప్పున విరుగుతుంది, కానీ ఒక పక్కన తొక్క పీచు పట్టుకుని వేలాడుతూ ఉంటుంది, దాన్ని పట్టి లాగితే అప్పుడు తెగుతుంది. అంటే కాయ విరిగింది, ఇంకా తెగలేదు. తెలుగులో ఇది తేలిగ్గా అనేస్తాం. అదే మాట ఇంగ్లీషులో చెప్పాలంటే బ్రేక్ ఒక్కటే సరిపోదు, స్నాప్ అనో టేర్ అనో ఇంకో క్రియ వెతుక్కోవాలి.

నేను డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెప్తాను, తీరిక దొరికినప్పుడు కథలు అనువాదం చేస్తాను. రెండు చోట్లా ఎక్కువ తిప్పలు పెట్టేవి పెద్ద పెద్ద పదాలు కావు, ఇలాంటి చిన్న క్రియలే. శామ్యూల్ జాన్సన్ 1755లో తన ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేసినప్పుడు ముందుమాటలో వీటి మీదే మొర పెట్టుకున్నాడు, అర్థాలు మొదటి చోటు నుంచి ఎంతెంతో దూరం వెళ్ళిపోతాయని, వాటి జాడ పట్టుకోవడం కష్టమని. ఆయన చెప్పిన జాబితాలో గెట్, పుట్, రన్, టేక్‌లతో పాటు బ్రేక్ కూడా ఉంది.

అంత దూరం వెళ్ళినా ఇంగ్లీషువాళ్ళ ఊహలో ఒకటి మాత్రం మారలేదనిపిస్తుంది నాకు. వాళ్ళకి మాట, చట్టం, మౌనం, ఉపవాసం, రికార్డు అన్నీ అతుకు లేని నిండు వస్తువులు, వాటి నిండుతనం పోతే బ్రేక్. పొద్దున తినే బ్రేక్‌ఫాస్ట్ కూడా రాత్రంతా సాగిన ఉపవాసాన్ని భంగపరచడమే. మనం వీటిని అలా చూడం. మనకి మాట ఒక దారి, అందుకే దారి తప్పినట్టే మాట తప్పుతాం. చట్టం ఒక గీత, దాన్ని మీరుతాం, అతిక్రమిస్తాం. మౌనాన్ని వీడతాం, ఉపవాసాన్ని విడుస్తాం, చేతిలో పట్టుకున్నదాన్ని వదిలినట్టు. రికార్డు ఒక్కటే బద్దలు కొడతాం, అది ఆటల పేజీల్లోంచి వచ్చి తెలుగులో బాగానే కుదురుకుంది. కానీ అనువాద కథల్లో "ఆమె మౌనాన్ని బద్దలు కొట్టింది" అని కనిపిస్తే మాత్రం నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పెదవి విప్పింది, నోరు తెరిచింది, పలికింది, ఇన్ని ఉండగా ఆ సుత్తి దెబ్బ ఎందుకు?

మనసు దగ్గరికి వస్తే మన క్రియల బలం తెలుస్తుంది. హార్ట్ బ్రేక్ అయిందని ఇంగ్లీషులో ఒక్క మాటతో సరిపెట్టేది మనకి కనీసం రెండు. కన్నబిడ్డ పోయిన తల్లికి గుండె పగులుతుంది. నమ్మిన స్నేహితుడు నలుగురిలో చులకన చేస్తే మనసు విరుగుతుంది. ఒకటి దుఃఖం, ఇంకొకటి విముఖత, ఒకదాని చోట ఇంకొకటి పెడితే కథే మారిపోతుంది. ఈ విరగడంలో కర్ర కంటే పాలు ఎక్కువ గుర్తొస్తాయి నాకు, పాలు విరిగినా విరగడమే కదా, మళ్ళీ మామూలు పాలు కావు. వేమన అయితే ఇనుముతో పోల్చాడు: ఇనుము విరిగితే రెండు మూడు సార్లయినా కాచి అతకవచ్చు, మనసు విరిగితే మళ్ళీ అంటించగలమా అని. ఒకే పద్యంలో ఒకే క్రియ, ఒకసారి కొలిమి దగ్గర, ఒకసారి గుండె దగ్గర. క్లాసులో మాటకి నేరుగా ఉండే వాచ్యార్థం, పోలికతో వచ్చే లక్ష్యార్థం అని నిర్వచనాలు చెప్పేకన్నా ఆ పద్యం బోర్డు మీద రాస్తే పిల్లలకి వెంటనే పడుతుంది.

తెగడం దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. తెగేదాకా లాగొద్దంటాం, సంబంధాలు తెగిపోయాయంటాం, ఇప్పటి కుర్రాళ్ళు బ్రేకప్ అనేదాన్ని పాతవాళ్ళు తెగతెంపులు అనేవాళ్ళు. ఇక్కడిదాకా బ్రేక్‌కి దగ్గరే. కానీ బేరం తెగిందంటే? కుదిరిందని. తగువు తెగలేదంటే తేలలేదని. సాగుతూ ఉన్నదానికి ఒక ముగింపు దొరకడం ఈ తెగడం. ఇంగ్లీషులో డీల్ బ్రేక్ అయితే చెడిపోయినట్టు. దాన్ని యథాతథంగా "బేరం తెగింది" అని రాస్తే అర్థం సరిగ్గా తలకిందులు. ఇదే ధాతువు నుంచి తెగువ, తెగించడం కూడా వచ్చాయి, ఇంగ్లీషు బ్రేక్ ఆ వైపుకి వెళ్ళనే లేదు.

ఏ భాష ఈ గీతలు ఎక్కడ గీసుకుంటుందో చూడటానికి నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు భలే పని చేశారు. కర్ర విరవడం, గుడ్డ చింపడం, క్యారెట్ కోయడం లాంటి చిన్న చిన్న వీడియోలు చూపించి 28 భాషల వాళ్ళు ఏ క్రియ వాడతారో రాసుకున్నారు, 2007లో ఆ వ్యాసాలు అచ్చయ్యాయి, వాటిలో హిందీ, తమిళం కూడా ఉన్నాయి. చేతిలో విరిగే వస్తువును బట్టి క్రియలు పంచుకోవడం ఒక్కో భాషది ఒక్కో తీరని చదివాక మన మునక్కాయ మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

ఇక మనం అరువు తెచ్చుకున్న బ్రేక్ సంగతి. ఇంగ్లీషులో ఆపేది వేరే స్పెల్లింగు, విరిగేది వేరే స్పెల్లింగు, తెలుగు లిపిలో రెండూ ఒకటైపోయాయి. పేపర్లో "పనులకు బ్రేక్" అంటే పనులు ఆగిపోయాయని, "ఆ సినిమాతో బ్రేక్ వచ్చింది" అంటే జీవితం మొదలైందని. తిరుమలలో బ్రేక్ దర్శనం అంటే మామూలు క్యూకి కాసేపు విరామం ఇచ్చి వీఐపీలని పంపడం. టీవీలో చిన్న బ్రేక్, ఆ వెంటనే బ్రేకింగ్ న్యూస్. ఇన్నిటినీ ఎవరూ కలగాపులగం చేసుకోరు, పక్కనున్న మాటే దారి చూపిస్తుంది.

ఇప్పుడు చేస్తున్న కథలో కూతురు ఫోన్‌లో మాట్లాడుతుండగా తల్లి వాయిస్ బ్రేక్ అవుతుంది. గొంతు విరగదు, పగలదు, తెగదు. పూడుకుపోయింది అంటే ఇక మాట రానట్టు, ఈ తల్లి మాట్లాడుతూనే ఉంది. వణికింది అంటే భయం అనుకుంటారు. గొంతు జీరబోయింది అని రాశాను, అదే ఉంచుతున్నాను.