ఎనిమిదేళ్ల అన్నమయ్య వెంట, పిల్లలతో

సెలవులకు తిరుపతి వచ్చే మన పిల్లలకు అన్నమయ్యను విగ్రహం దగ్గర చూపిస్తే తంబుర పట్టుకున్న తాతగారు మాత్రమే గుర్తుంటారు. కొండకు బయలుదేరినప్పుడు ఆయనకు ఎనిమిదేళ్లని చెప్పండి. గడ్డి కోస్తుంటే కొడవలి తగిలి వేలు తెగింది. కొడవలి అక్కడే పడేసి, ఇంట్లో చెప్పకుండా, దారిన పోయే యాత్రికుల వెంట నడిచాడు. మూడో తరగతి పిల్లకి ఈ మాత్రం చాలు. మిగతాది తనే అడుగుతుంది.

ఆయన నడిచిన దారిని పిల్లలకు చూపించడానికి రెండు రోజులు పెట్టుకోండి. మొదటిరోజు పొద్దున్నే రాజంపేట పక్కనున్న తాళ్లపాకకు వెళ్లి, చెన్నకేశవస్వామి గుడి చూసి, కోడూరు మీదుగా వెనక్కి రండి. అప్పుడు కారు వెళ్లేది అన్నమయ్య నడిచిన దిక్కుకే. కుడివైపు శేషాచలం కనబడగానే ఆయన కీర్తన పల్లవి ఎత్తుకోవాలి: "అదివో అల్లదివో శ్రీహరివాసము, పదివేల శేషుల పడగలమయము". చరణాలు ఆ రోజుకు వద్దు. కొండల వరుసను పడగల్లా చూడమంటే చాలు, అర్థం కిటికీలోంచే కనిపిస్తుంది.

చిక్కల్లా "ద" దగ్గర వస్తుంది. ఇంగ్లిష్ "డి" పలికేటప్పుడు నాలుక పళ్ల వెనక చిగురుకు తగులుతుంది. ఇంగ్లిష్ ఎక్కువగా మాట్లాడే పిల్లలు ఆ అలవాటుతో "అడివో" అంటారు, స్వామివారి కొండ కాస్తా అడివైపోతుంది! (అడివి కూడా ఉందనుకోండి, అది వేరే సంగతి.) నాలుక కొనను పై పళ్లకు ఆనించి "ద" అనిపించండి, మడిచి అంగుడికి తాకించి "డ" అనిపించండి. తర్వాత "పదివేల", "పడగల" పక్కపక్కన పది సార్లు, రాగం లేకుండా. రాగంతో మొదలుపెడితే తప్పు అందులో దాక్కుంటుంది, తర్వాత దిద్దడం కష్టం.

రెండోరోజు తిరుమల మెట్లు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారి పొట్టిది, 2,388 మెట్లే, కానీ అన్నమయ్య కథలో వచ్చే తలయేరు గుండు అనే బండ, మోకాళ్ల పర్వతం (మోకాళ్ల మెట్టు) అలిపిరి దారిలోనివి. గాలిగోపురం దాకా ఎక్కుడే ఎక్కుడు, తర్వాత చాలాదూరం చదును, చివర్లో మళ్లీ మోకాళ్ల మెట్టు. గాలిగోపురం దగ్గరే "అయిపోయింది" అని పిల్లలకు చెప్పొద్దు, మోకాళ్ల మెట్టు దగ్గర ఏడుస్తారు. తెల్లవారగానే మొదలుపెట్టండి, ఎండెక్కితే రాయి కాలుతుంది. మేజోళ్లతో ఎక్కించొద్దు, నున్నటి మెట్ల మీద జారతాయి. 2023లో చిరుత దాడుల తర్వాత పిల్లలను ఏ వేళదాకా పంపాలన్నదానికి నియమాలు పెట్టారు, ముందే కనుక్కోండి.

చెప్పుల కథను మోకాళ్ల మెట్టు దాకా దాచండి. చెప్పులతో ఎక్కిన పిల్లాడు అక్కడే అలసి వెదురుపొద కింద నిద్రపోయాడట. అలమేలుమంగ కనిపించి, కొండంతా సాలగ్రామమే (విష్ణురూపంగా పూజించే రాయి), చెప్పులు విడువమంది. అప్పటికి మన పిల్లల పాదాలు కూడా మండుతుంటాయి కాబట్టి కథ బాగా దిగుతుంది.

"నిజంగా కనిపించిందా?" అని తప్పకుండా అడుగుతారు. ఇది అన్నమయ్య మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన కథ అని చెప్పండి. ఆయన కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద ఉన్నది వేరు: 1424లో పదహారేళ్ల వయసున మొదలుపెట్టి 1503 దాకా కీర్తనలు చెప్పాడని. రెండిటినీ కలిపేయకుండా చెప్తే, ఏది ఎవరు రాశారో పిల్లలే విడదీసుకుంటారు.