వేడి మీద స్టార్ట్ కాని నా బుల్లెట్

మే నెల మధ్యాహ్నం. అమ్మను వెనక కూర్చోబెట్టుకుని అనంతపురం నుంచి గుత్తిలో ఉండే అక్క వాళ్లింటికి బయల్దేరాను. పామిడిలో ఆగి టీ తాగి, పావుగంట తర్వాత వచ్చి కిక్ కొడితే బండి అందుకోలేదు. ముప్పై నలభై కిక్కులు కొట్టి ఉంటాను. అమ్మ క్యారియర్ పట్టుకుని ఎండలోనే నిలబడింది, నీడకు పొమ్మన్నా పోలేదు. గంట దాటాక అదే బండి, ఏమీ చేయకుండానే, రెండో కిక్కుకు లేచింది. దీని సంగతి తేలేదాకా అమ్మను మళ్లీ ఈ బండి ఎక్కించకూడదని ఆ రోజే అనుకున్నాను.

బండి నాయన కొన్నది. పాత క్యాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్ 350, పాయింట్ల ఇగ్నిషన్ (స్పార్క్ ఇచ్చే పాత పద్ధతి), కిక్ స్టార్ట్. పోయిన ఏడాది బోరు అరిగితే ఓవర్‌సైజు పిస్టన్ వేయించాను. పనిలో పనిగా హెడ్డు పోర్టులు (గాలీ పెట్రోలూ లోపలికీ, పొగ బయటికీ పోయే దారులు) పెద్దవి చేయించి, గాలిలో పెట్రోల్ కలిపే 24 ఎంఎం కార్బరేటర్ తీసేసి 500 బండికి వచ్చే 28 ఎంఎంది పెట్టించాను. లాగుడు బాగా పెరిగింది. చల్లగా ఉంటే ఒకటి రెండు కిక్కులకే స్టార్ట్. వేడెక్కాక ఆపితేనే గొడవ.

అడిగిన ప్రతి ఒక్కరూ స్పార్క్ సరిగా రావడానికి ఉండే కండెన్సర్ పోయిందన్నారు. ఆ మాట తప్పేం కాదు, వేడికి కండెన్సరో, ప్లగ్గుకు కరెంటు పంపే కాయిలో చేతులెత్తేయడం పాత బుల్లెట్లలో మామూలే. కండెన్సర్, కాయిల్, ప్లగ్గు మూడూ మార్చాను. తేడా లేదు. పోర్టులు, కార్బరేటర్ మార్చిన షాపుకే తీసుకెళ్తే అక్కడికి చేరి వరుస వచ్చేసరికి ఇంజన్ చల్లారిపోయేది. ఒక్క కిక్కుకు స్టార్ట్ చేసి "బాగానే ఉంది కదన్నా" అని పంపించేవాళ్లు. నాకు నిజంగా కోపం వచ్చింది. వేడి మీద వచ్చే జబ్బును చల్లారాక చూస్తే ఏం కనిపిస్తుంది?

అందుకే నేనే పట్టుకుందామని రోజూ సాయంత్రం రాప్తాడు దాకా పోయి ఆపి, ఎన్ని నిమిషాలకు ఎన్ని కిక్కులో నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను. వారం రోజుల్లో ఒక లెక్క బయటపడింది. ఆపిన రెండు నిమిషాల్లోపు కొడితే వెంటనే లేస్తుంది. పది నుంచి ఇరవై నిమిషాల మధ్య అసలు లేవదు. గంట తర్వాత మళ్లీ మామూలే. కాయిల్ వేడికి పోయేదైతే ఆపిన వెంటనే కూడా మొరాయించాలి, అసలు నడుస్తుండగానే మిస్సింగ్ రావాలి. అవేవీ లేవు.

మరుసటి రోజు ప్లగ్గు స్పానర్ జేబులో వేసుకుని పోయాను. మొరాయించగానే ప్లగ్గు తీసి, హెడ్డుకు ఆనించి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా పట్టి కిక్ కొడితే నీలం స్పార్క్ చక్కగా వచ్చింది. ప్లగ్గు మాత్రం పెట్రోల్‌తో తడిసి ఉంది. (రంధ్రం దగ్గర స్పార్క్ పెడితే పెట్రోల్ ఆవిరి అంటుకుంటుంది, జాగ్రత్త.) సమస్య కరెంటుది కాదు, పెట్రోల్‌ది. తడిగుడ్డ ముందు కాయిల్ మీద వేశాను, ఏమీ మారలేదు. అదే గుడ్డ ఫ్లోట్ బౌల్ (కార్బరేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె) చుట్టూ చుట్టి మూడు నిమిషాలు ఆగి, యాక్సిలేటర్ పూర్తిగా తెరిచి కొడితే నాలుగో కిక్కుకు లేచింది.

నోట్‌బుక్ తీసుకుని పాతూరులో ఉన్న ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి పోయాను. ఆయన చదివి కార్బరేటర్ వైపు వంగి చూసి, "ఏమప్పా, దీని మధ్యలో ముక్క ఏదీ?" అన్నాడు. పాత కార్బరేటర్‌కూ హెడ్డుకూ మధ్య వేడి ఆపే నల్లటి ముక్క ఒకటి ఉండేది. కొత్తదాన్ని బిగించేటప్పుడు దాని స్థానంలో అల్యూమినియం అడాప్టర్ పెట్టేశారు. బండి పోతున్నంతసేపూ గాలి, లోపలికొచ్చే చల్లని పెట్రోలు కార్బరేటర్‌ను కాపాడతాయి. ఆపగానే హెడ్డులోని వేడంతా అల్యూమినియం గుండా బౌల్‌లోకి పాకుతుంది. పెట్రోల్‌లో తేలిక భాగం 35, 40 డిగ్రీలకే మరుగుతుంది. ఆ ఆవిరి పోర్టు నిండా పట్టేసి మిక్చర్ మరీ రిచ్ అవుతుంది, అంటే గాలికి మించి పెట్రోల్ ఉంటుంది, ప్లగ్గు తడుస్తుంది. గంటకు అంతా చల్లారి సర్దుకుంటుంది. నా నోట్‌బుక్‌లో ఉన్నది అక్షరాలా ఇదే.

లేత్ షాపులో వేడిని అంత తొందరగా పాకనివ్వని 10 ఎంఎం హైలం షీటు కోయించి, కార్బరేటర్ రంధ్రానికి సరిగ్గా సరిపోయేలా బోరు చేయించి, పొడుగు స్టడ్లు వేసి బిగించాం. ఫ్లోట్ లెవెల్ (బౌల్‌లో పెట్రోల్ మట్టం) కొంచెం ఎక్కువుంటే దించాం. మేస్త్రీ అంతటితో ఊరుకోలేదు. బండిని రాత్రంతా తన దగ్గరే ఉంచి, పొద్దున ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు పిస్టన్‌ను కంప్రెషన్ మీద పైకి తెచ్చి టాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) చూశాడు. వాల్వులను తెరిచే కడ్డీలైన పుష్‌రాడ్‌లు వేళ్లతో తిప్పితే హాయిగా తిరగాలి, పైకీ కిందకీ ఆడకూడదు. ఎగ్జాస్ట్‌ది బిగుసుకుని ఉంది. అది వేడికి ఇంకా బిగుసుకుంటే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ తగ్గుతుంది. దాన్నీ సరిచేశాడు.

పోయిన ఆదివారం అమ్మ తనే అడిగి ఎక్కింది. పామిడిలో అదే టీ కొట్టు, మళ్లీ ఎండ. కావాలనే పావుగంట ఆగాను. రెండో కిక్కుకు అందుకుంది. మొదటి కిక్కుకే అందుకోవాలంటే ఐడిల్ మిక్చర్ ఇంకొంచెం సరిచేయాలి, ఆ పని వచ్చే ఆదివారం.