ముద్ర ఎక్కడికి పోతుంది?

ఈ రోజు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా మా కార్యాలయ సిబ్బంది వేలిముద్రలను కొత్త యంత్రంలో నమోదు చేసే పనే సరిపోయింది. చాలామందికి నిమిషంలో తేలిపోయింది. రికార్డు గదిలో ఏళ్ల తరబడి ఫైళ్లు కుడుతూ, అట్టలు అంటిస్తూ వచ్చిన పెద్దావిడ వంతు వచ్చేసరికి మాత్రం యంత్రం మొరాయించింది. ఆవిడ బొటనవేలు పెట్టిన ప్రతిసారీ తెరమీద నడిమి భాగమంతా తెల్లబడి, తెగిపోయిన గీతలు కొన్ని అంచుల్లో మాత్రమే కనిపించాయి. వేలు తుడిపించి, కాస్త తడి చేయించి చూసినా లాభం లేకపోవడంతో, “నడిమి వేలు పెట్టి చూడండమ్మా” అన్నాను. అది పడింది. ఆవిడ తేలికపడి, “ఈ ముద్ర ఇక్కడే ఉంటుందా సార్, ఇంకెక్కడికైనా పోతుందా?” అని అడిగారు.

అడగవలసిన ప్రశ్న అదే. నిజానికి మనిషిని పోల్చుకోవడానికి యంత్రానికి ముద్ర బొమ్మంతా అక్కర్లేదు. గీత ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ రెండుగా చీలింది, ఏ దిక్కుకు తిరిగింది అన్న వివరాలను అంకెలుగా మార్చి, టెంప్లేట్‌గా దాచుకుంటే చాలు. 2004 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ ఇచ్చిన ఆదేశం మేరకు అక్కడి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఉద్యోగులకు ఒకే రకమైన గుర్తింపు కార్డులు వచ్చాయి. వాటిలో రెండు వేళ్ల టెంప్లేట్లు కార్డు చిప్‌లోనే ఉంటాయి, ఉద్యోగి తన పిన్ కొడితే తప్ప అవి యంత్రానికి అందవు. 2013లో ఆ కార్డుల సాంకేతిక ప్రమాణాన్ని సవరించి, పోల్చే పనినే కార్డు లోపల జరిపే వీలు కూడా కల్పించారు. ముద్ర ఉద్యోగి జేబులోనే ఉండడం నాకు ఎంతో మర్యాదగల పద్ధతిగా తోస్తుంది.

అదే దేశంలో ఉద్యోగుల నేపథ్య విచారణ కోసం తీసుకున్న ముద్రలు మాత్రం ఒకేచోట పోగుపడి ఉండేవి. 2015లో అక్కడి సిబ్బంది నిర్వహణ కార్యాలయంలో జరిగిన చోరీలో సుమారు 56 లక్షల మంది వేలిముద్రలు పోయాయి. పాస్‌వర్డు పోతే ఆ సాయంత్రమే మార్చుకోవచ్చు, కార్డు పోతే రద్దు చేయించుకోవచ్చు. పోయిన వేలిముద్ర ఉద్యోగం మానేశాక కూడా ఆ మనిషిదే. టెంప్లేటు దాచితే చాలునని నిశ్చింతగా ఉండడానికీ లేదు, ఎందుకంటే దాని నుంచి ముద్రను పోలిన బొమ్మను తిరిగి కట్టవచ్చని పరిశోధకులు చూపించారు.

ఇంత చెప్పినా నేను వేలిముద్రకు వ్యతిరేకిని కాను. 1870లలో బ్రిటిష్ అధికారి విలియం హెర్షెల్ బెంగాల్‌లోని హుగ్లీలో పింఛన్‌దారుల చేత ముద్రలు వేయించింది, ఒకరి సొమ్మును మరొకరు కాజేయకుండా చూడడానికే. ఆ అవసరం నేటికీ తీరలేదు. రహస్య పత్రాలున్న గది తలుపు దగ్గర, వేరొకరి కార్డుతో లోపలికి వెళ్లేవారిని ఆపడానికి ఇంతకన్నా సులువైన సాధనం నాకు కనిపించదు. అయితే గుర్తింపు ఎంత కఠినంగా పెడితే అసలు మనిషినే యంత్రం కాదనడం అంత పెరుగుతుంది, సడలిస్తే పరాయివారు దూరే అవకాశం పెరుగుతుంది. ఆ కఠినత్వపు భారం ముందుగా పడేది చేతులతో పనిచేసి వేళ్లు అరిగినవారి మీదే.

అందుకే సాయంత్రం పై అధికారికి ఇవ్వడానికి ఒక నోట్ రాశాను. టెంప్లేటు తయారయ్యాక అసలు బొమ్మను ఎన్నాళ్లు ఉంచుతారో, ఎవరు చెరిపేస్తారో లిఖితపూర్వకంగా తెలపాలని, ఉద్యోగం వదిలినవారి ముద్రలు ఆ నెలలోనే తొలగించాలని కోరాను. ముద్ర పడనివారికి కార్డు, పిన్‌తో ప్రవేశం ఇవ్వాలని, ఆ పూట హాజరును తలుపు దగ్గరే నమోదు చేయాలని, వారిని సంజాయిషీ అడగకూడదని కూడా చేర్చాను. రేపు ఉదయం నమోదు మళ్లీ మొదలుపెట్టే ముందే దాన్ని అందజేస్తాను.