శిల్పకళ బిట్లు గుర్తుండాలంటే మ్యూజియంలో చదవండి

గ్రూప్-1, గ్రూప్-2కి చదువుతున్న మిత్రులారా, చరిత్ర, సంస్కృతి భాగంలో నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటి చెబుతాను. రాజవంశాలు, యుద్ధాలు రెండు మూడు రివిజన్లతో నిలబడతాయి. శిల్పకళ దగ్గరికి వచ్చేసరికే టెన్షన్. బౌద్ధ స్తూపంలో అండం (గుండ్రటి గుమ్మటం), హర్మిక (దాని మీది చతురస్రపు కట్టడం), ఛత్రం (పైన గొడుగు), ఆయక స్తంభాలు... ఎంత బట్టీపట్టినా పరీక్ష హాల్లో కలగాపులగమైపోతాయి. వాటిని కళ్లారా చూస్తే ఆ ఇబ్బంది ఉండదు.

అమరావతితో మొదలుపెట్టండి. అక్కడి బౌద్ధ స్తూపం శిల్పాల్లో చాలా భాగం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మన కృష్ణాతీరపు శిల్పం కోసం లండన్ వెబ్‌సైట్ తెరవాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అయినా తెరవండి, ఫొటోలు, వివరాలు అన్నీ ఉచితం. అందులో రెండు వైపులా చెక్కిన సున్నపురాయి ఫలకం ఒకటి ఉంది. ఒక వైపు క్రీ.పూ. 1వ శతాబ్దం నాటి పని. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ భక్తులు. బుద్ధుడు మాత్రం కనిపించడు. మూడు వందల ఏళ్లు దాటాక అదే రాయిని తిప్పి, వెనక వైపు స్తూపాన్ని చెక్కారు. ఈసారి ద్వారం దగ్గర బుద్ధుడు మనిషి రూపంలో నిలబడి ఉంటాడు. ప్రతీకల నుంచి విగ్రహం దాకా జరిగిన మార్పు మొత్తం ఒక్క రాతి మీదే ఉంది. మెయిన్స్ జవాబులో ఈ ఉదాహరణ రాసి చూడండి!

ఆ స్తూపం ముందు వరసగా నిలిచిన ఐదు స్తంభాలే ఆయక స్తంభాలు. బుద్ధుడి జీవితంలోని జననం, మహాభినిష్క్రమణం (ఇల్లు విడిచి వెళ్లడం), జ్ఞానోదయం, ధర్మచక్ర ప్రవర్తనం (తొలి బోధన), మహాపరినిర్వాణం (మరణం) అనే ఐదు ఘట్టాలకు గుర్తులు. నాలుగు దిక్కులా ఐదేసి, అంటే మొత్తం 20.

వీలైతే నాగార్జునకొండకు వెళ్లండి. సాగర్ జలాశయంలో లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు. ఆ కొండే ఇప్పుడు ద్వీపం. అక్కడి మహాచైత్యం (పెద్ద స్తూపం) ఆయక స్తంభాల మీది ప్రాకృత శాసనాల్లో ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి సోదరి శాంతిశ్రీ దానాల వివరాలున్నాయి. రాజులు వైదిక యజ్ఞాలు చేస్తుంటే అంతఃపురం స్త్రీలు బౌద్ధాన్ని పోషించారన్న పాయింట్‌కు ఇంతకంటే గట్టి ఆధారం దొరకదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సాలార్‌జంగ్‌లో బిద్రీ సామాను చూడండి. నల్లటి లోహంలో వెండి తీగ ఎలా పొదిగారో దగ్గరగా కనిపిస్తుంది.

ఎక్కడికెళ్లినా ముందు శిల్పాన్ని చూసి అదేమిటో మీరే నోట్స్‌లో రాసుకోండి, పక్కనున్న వివరం ఆ తర్వాతే చదవండి. మే 18 మ్యూజియం దినోత్సవానికి చాలాచోట్ల ప్రత్యేక ప్రదర్శనలు పెడతారు, అవీ వదలొద్దు. సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు. నాగార్జునకొండకైతే లాంచీ వేళలు ముందే కనుక్కుని బయల్దేరండి.