నిమ్మకాయంత వాపు

మూడేళ్ళ క్రితం మాఘమాసంలో నా ఎడమ చెంప మీద, చెవికి కాస్త ముందుగా, మిరియపు గింజంత ఎర్రటి బుడిపె లేచింది. నొప్పి లేదు, దురద లేదు. ఉగాది నాటికి అది వక్కంత అయి, రంగు ఊదాకు తిరిగింది. ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో మాకు ఏళ్ళుగా తెలిసిన డాక్టరు గారి దగ్గరకు వెళ్ళి తీసేయమని అడిగితే, ఆయన వేలితో ఒకసారి నొక్కి చూసి, "కొవ్వుగడ్డ. అరవై దాటాక ఇంక అందం ఎవరికి చూపించాలమ్మా?" అని నవ్వారు. పక్కన కూర్చున్న మా ఆయన కూడా నవ్వారు. నేనూ నవ్వాను. ముప్పై ఏళ్ళు బడిలో పిల్లలను 'ఎందుకు' అని అడగమని పోరిన దాన్ని, ఆ రోజు ఆ ఒక్క మాట అడగకుండా నూటయాభై రూపాయలు బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చేశాను.

ఇంకో రెండు నెలలు అలాగే పోయాయి. విశాఖపట్నంలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు మా తమ్ముడి భార్య నా చెంప చూసి, భోజనాలు కూడా కానివ్వకుండా ఆసుపత్రికి లాక్కెళ్ళింది. ముక్క తీసి పరీక్షకు పంపారు. వచ్చిన పేరు మెర్కెల్ సెల్ కార్సినోమా. 1875లో ఒక జర్మన్ శాస్త్రజ్ఞుడు వర్ణించిన కణాల పేరట అది. ఈ చర్మ క్యాన్సరును వైద్యులు విడిగా గుర్తించినదే 1972లో. చాలామంది చర్మం మీద ఏ హానీ చేయకుండా ఉండే ఒక వైరస్‌కు దీనితో సంబంధం ఉందని 2008లో తేలిందట. తెల్లవాళ్ళలో ఎక్కువనీ, మనవాళ్ళలో అరుదనీ, కానీ త్వరగా మెడ గ్రంథులకు పాకుతుందనీ పెద్ద డాక్టరు గారు దాచకుండా చెప్పారు. అరుదైనది నన్నే వెతుక్కుంటూ వచ్చినందుకు జగన్నాథుణ్ణి ఆ రాత్రి గట్టిగానే నిలదీశాను.

ఆపరేషన్ గురించి చెప్పేందుకు ఏమీ లేదు; నిద్రపోయాను, లేచాను, చెంప మీద కుట్లున్నాయి. మెడ దగ్గర తీసిన గ్రంథి శుభ్రంగా ఉందన్నారు. గాయం మానగానే రేడియేషన్ మొదలుపెట్టాలన్నారు. మా ఊళ్ళో దాన్ని కరెంటు పెట్టడం అంటారు. రోజుకు 2 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలత) చొప్పున 30 సిట్టింగులు, వారానికి ఐదు రోజులు, అంటే ఆరు వారాలు. ఖర్చు మాత్రం మా పింఛను డబ్బుల్లోంచే. మహేంద్రతనయ ఏటికి అవతల, ఆంధ్రలోని పాతపట్నంలో ఉన్న మా పెదనాన్న మనవడికి అప్పట్లో ఆరోగ్యశ్రీ ఉండేది, ఏటికి ఇవతల ఉన్న మాకు లేదు. 1936లో ఒడిశాను విడిగా చేసినప్పుడు గీసిన గీత ఎక్కడుందో నాకు ఆసుపత్రి బిల్లుల కౌంటరు దగ్గర బాగా కనిపించింది. పైగా అక్కడి గుమస్తా, "ఒడిశా వాళ్ళయినా తెలుగు భలే మాట్లాడుతున్నారే!" అన్నాడు. తెలుగు పాఠాలు చెప్పి రిటైరయిన నేను ఏమనగలను?

వేడినీళ్ళలో మెత్తబడ్డ ప్లాస్టిక్ వల ఒకటి ముఖం మీద పరిచి, అది నా ముక్కూ గడ్డమూ పట్టుకుని గట్టిపడేదాకా ఉంచి, మాస్కు తయారుచేశారు. రోజూ దాన్ని ముఖానికి వేసి బల్లకు బిగిస్తారు. తల వెంట్రుకవాసి కదలదు. లోపల రెప్పలు కూడా వలకు తగులుతాయి.

మొదటి సిట్టింగు సోమవారం అయింది. ఆ రాత్రి తమ్ముడి ఇంట్లో అన్నం తింటుంటే ఎడమ దవడ కింద లాగినట్టు అనిపించింది. అర్ధరాత్రి దాటాక లేచి స్నానాలగదిలో లైటు వేసి అద్దంలో చూసుకుంటే దవడ కింద నిమ్మకాయంత వాపు ఉంది. 'మెడకు పాకుతుంది' అన్న మాట తప్ప నా బుర్రలో ఇంకేదీ మిగల్లేదు. మా ఆయనను లేపడానికి నోరు రాలేదు. కొళాయి గట్టున కూర్చుని, ఒక్కరోజు కరెంటుకే అది రెచ్చిపోయి కిందికి దిగిందని నిశ్చయం చేసుకుని, నా గాజులు ఏ మనవరాలికి ఇవ్వాలో కూడా లెక్కపెట్టుకున్నాను. లైటు వెలుగు చూసి మరదలు వచ్చింది. వాపును వేలితో తాకి, కాసేపు ఆలోచించి, "వదినా, ఆ వక్క పెరగడానికి నెలలు పట్టింది. నిమ్మకాయ ఒక్క పూటలో పెరుగుతుందా? ఇది అది కాదు," అంది. ఇంటర్ దాకానే చదివిన పిల్ల. తెల్లవారేదాకా ఆ తడి గచ్చు మీద నా పక్కనే కూర్చుంది.

పొద్దున్న మిషను దగ్గరి కుర్రాడు ఒక చూపు చూసి, "లాలాజల గ్రంథి అమ్మా. మొదటి డోసుకు కొందరికి వాస్తుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. నిన్న చెప్పడం మరచిపోయాం," అన్నాడు. గురువారానికి నిజంగానే పోయింది. ఆ మరపును నేను ఇంకా క్షమించలేదు. అయితే ఆ కుర్రాడే మిగిలిన ఇరవై తొమ్మిది రోజులూ మాస్కు బిగించే ముందు నా జుట్టు వలలో చిక్కకుండా ఒక్కొక్క పాయనూ వెనక్కి తీసేవాడు. నాలుగో వారంలో చెంప చర్మం ఊడి, నోరు పూసి, రుచి చచ్చి, మిరపకాయ లేని పఖాళం (నీళ్ళలో నానిన చద్దన్నం) నీళ్ళే ఆధారమైనప్పుడు, "ఇంకా పన్నెండేనమ్మా," అంటూ లెక్క చెప్పినదీ అతనే.

ఇది తిరిగి వస్తే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్ళలోనే వస్తుందట. మొన్నటి పరీక్షతో మూడేళ్ళు నిండాయి. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. నొప్పి లేకుండా వారాల్లో పెరిగే బుడిపెనే ముక్క తీయించి చూడమని అడగండి, నవ్వినా సరే అడగండి.

విశాఖ నుంచి గుణుపురం పాసింజరు దిగి, ఇంటికి పోకుండా నేరుగా పాత డాక్టరు గారి దగ్గరకు వెళ్ళి టోకెను తీసుకుని కూర్చున్నాను. ఆయన గుర్తుపట్టలేదు. "చెంపకు ఏమైందమ్మా?" అని అడిగారు. మొత్తం చెప్పాను, ఆయన అన్న మాటతో సహా. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఫీజు వద్దన్నారు. నూటయాభై లెక్కపెట్టి బల్ల మీద పెట్టి వచ్చాను.