సార్ వచ్చాకే బొమ్మ పడాలి

అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ వారాంతాల్లో తన విడిది క్యాంప్ డేవిడ్ వెళ్తే, శుక్ర, శనివారాల్లో భోజనాలయ్యాక యాస్పెన్ లాడ్జ్‌లో సినిమా వేసేవారు. చూసేది రీగన్, భార్య నాన్సీ, వెంట వచ్చిన కొద్దిమంది సిబ్బంది. పాప్‌కార్న్ తప్పనిసరి. సినిమా అయ్యాక కాసేపు దాని గురించే కబుర్లు. ప్రెస్ ఆఫీసులో పనిచేసిన సహాయకుడొకరు ఆ రాత్రుల్ని తర్వాత రాసిపెట్టారు కాబట్టి ఇదంతా మనకు తెలిసింది. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎప్పుడు నవ్వారు, ఏమన్నారు అన్నీ అలాంటి జ్ఞాపకాల్లో దొరుకుతాయి. ప్రొజెక్టర్ ఉండే క్యాబిన్‌లో పని మాత్రం దాదాపు కనబడదు. ఫిల్మ్‌నగర్, బంజారాహిల్స్ ప్రివ్యూ థియేటర్లలో ఒక పెద్ద నాయకుడికి షో వేయాలంటే మాత్రం సగం పని ఆ క్యాబిన్‌లోనే ఉంటుంది. మిగతా సగం పీఏదో, పీఎస్‌దో.

ముందుగా సినిమా ఎంపిక. స్టాలిన్‌కి క్రెమ్లిన్‌లో సినిమాలు వేయించే బాధ్యత ఆయన సినిమా మంత్రి ఇవాన్ బోల్షకోవ్‌ది. విదేశీ సినిమాలకు అక్కడికక్కడ అనువాదం కూడా ఆయనే చెప్పాలి. భాష సరిగా రాదు కాబట్టి ముందే సినిమా వేయించుకుని, డైలాగులు నేర్చుకుని వచ్చేవాడట. భయం సంగతి పక్కన పెడితే పద్ధతి సరైనదే. నాయకుడికి చూపించే సినిమాను సహాయకుడు ముందు పూర్తిగా చూడాలి. ట్రైలర్ చూసి, పక్కవాళ్లు చెప్పింది విని ఊరుకుంటే చాలదు. చూస్తూ నాలుగు విషయాలు కాగితం మీద పెట్టుకోవాలి: మొత్తం నిడివి, ఇంటర్వెల్ ఏ నిమిషంలో పడుతుంది, సబ్‌టైటిల్స్ ఉన్నాయా, తెర మీది రాజకీయ నాయకుడు మన సార్‌ని తలపిస్తున్నాడా. చివరిది మన దగ్గర చాలా ముఖ్యం. పోలిక ఉందని సినిమా మానేయక్కర్లేదు గానీ, లైట్లు వెలిగేసరికి పక్క సీట్లో దర్శకుడు ఉండాలా వద్దా అన్నది దాన్నిబట్టే ఉంటుంది.

రీళ్ల రోజుల్లో లెక్క సూటిగా ఉండేది. 35 ఎంఎం ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు పరిగెడుతుంది. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు. 14 రీళ్ల సినిమా అంటే రెండున్నర గంటల పైచిలుకు. రెండేసి రీళ్లు కలిపి ఒక్కో స్పూల్‌కి ఎక్కిస్తే, రెండు మెషీన్ల మధ్య ఆరుసార్లు మార్చాలి. తెర కుడివైపు పైమూలలో మొదటి చుక్క కనబడగానే రెండో మెషీన్ మోటారు వేయాలి. సుమారు ఏడు సెకన్ల తర్వాత వచ్చే రెండో చుక్కకు బొమ్మ మార్చాలి. ఒక్క చుక్క తప్పితే తెర తెల్లబోయేది, తెరతో పాటు సహాయకుడి ముఖం కూడా. యుగోస్లావియా అధినేత టిటోకి 32 ఏళ్లు సినిమాలు వేసిన ప్రొజెక్షనిస్టు లెకా కాన్‌స్తాంతినోవిచ్ ఈ పనిని వేలసార్లు చేసుండాలి.

ఇప్పుడు డీసీపీ కాలం, అంటే సినిమా రీళ్లుగా కాక డిజిటల్ ఫైళ్లుగా వచ్చే కాలం. చుక్కలు పోయాయి, వాటి చోట తాళం వచ్చింది. హార్డ్ డిస్కులో వచ్చే సినిమాకు కేడీఎం అనే డిజిటల్ తాళంచెవి వేరుగా మెయిల్‌లో వస్తుంది. ఆ చెవి సినిమాను నడిపే ఒక్క సర్వర్‌కే, అందులో రాసిన వ్యవధిలోనే పనిచేస్తుంది. వీఐపీ షోలు ఎక్కువగా చెడేది ఇక్కడే. థియేటర్ వాళ్లు సర్వర్‌లో తాళం తీసే భాగమైన మీడియా బ్లాక్ మార్చి, దాని కొత్త సర్టిఫికెట్ చెవి తయారుచేసే ల్యాబ్‌కి పంపడం మరిచిపోతే చెవి వస్తుంది గానీ తాళం తెరుచుకోదు. టైము గొడవ ఇంకొకటి. విదేశీ ల్యాబ్ వాళ్లు సాయంత్రం 6 గంటల నుంచి అని గ్రీన్‌విచ్ లెక్కలో ఇస్తే, హైదరాబాద్‌లో అది రాత్రి 11.30. సర్వర్ గడియారం వెనక్కి తిప్పి కానిచ్చేద్దామంటే కుదరదు. ఏడాది మొత్తానికి ఆరు నిమిషాలకు మించి దాన్ని జరపనివ్వదు. అందుకని చెవి అడిగేటప్పుడే షో ముందురోజు ఉదయం నుంచి షో మర్నాడు అర్ధరాత్రి దాకా అడగాలి. ఏడు గంటల షోకి సార్ తొమ్మిదిన్నరకు రావడం కొత్తేమీ కాదు.

సినిమా ఎక్కించడానికి పట్టే టైము కూడా ముందే చూసుకోవాలి. రెండున్నర గంటల సినిమా 200 జీబీ దాకా ఉండొచ్చు. పాత యూఎస్‌బీ 2 పోర్టులో అది రెండు గంటలకు దగ్గరగా తీసుకుంటుంది. కొత్త పోర్టయితే అరగంట, ముప్పావుగంట. దీన్ని షో రోజు సాయంత్రానికి పెట్టుకుంటే మునిగినట్టే. డాగ్ స్క్వాడ్ వచ్చి హాలు తనిఖీ చేశాక బయటి నుంచి డిస్కు పట్టుకుని లోపలికి వెళ్లడం తేలిక కాదు. ముందురోజే ఎక్కించి, చెవి వేసి, మొదటి ఐదు నిమిషాలు, ఇంటర్వెల్ దగ్గర, క్లైమాక్స్‌లో ఒక ముక్క చూడాలి. బాగా వెడల్పుండే స్కోప్ సినిమాకు, తక్కువ వెడల్పుండే ఫ్లాట్ సినిమా లెన్స్ సెట్టింగ్ ఉండిపోయిందా, సబ్‌టైటిల్ కింద నల్లపట్టీలో తెగిపోతోందా అన్నవి అప్పుడే తెలుస్తాయి. ఆపరేటర్, అతని హెల్పర్ పేర్లు, గుర్తింపు కార్డుల కాపీలు భద్రతా విభాగానికి ముందే ఇవ్వాలి. గేటు దగ్గర ఆపేసిన ఆపరేటర్ వల్ల ఆగిపోయే షోకి మందు లేదు.

సీటు విషయంలో ఒక అపోహ ఉంది. ప్రివ్యూ థియేటర్లో చివరి వరుస సోఫాలే వీఐపీవి అనుకుంటారు. అక్కడ వెనక స్పీకర్లు చెవి పక్కనే మోగి, తెర మీది మాటల్ని మింగేస్తాయి. తెర నుంచి హాలు పొడవులో మూడింట రెండు వంతుల దగ్గర వరుస మంచిది. అందులోనూ సరిగ్గా మధ్య సీటు వద్దు. ఫోన్ వస్తే నలుగురి మోకాళ్లు దాటుకుని రావాలి. నడవ నుంచి మూడో సీటు నాయకుడికి, ఆ వెనక వరుసలో నడవ పక్క సీటు సహాయకుడికి. అక్కడి నుంచి వంగి చెవిలో మాట చెప్పొచ్చు, లేచి క్యాబిన్‌కీ వెళ్లొచ్చు.

శబ్దాన్ని పెంచి తగ్గించే సౌండ్ ఫేడర్‌కి 7 అన్నది ప్రమాణం, 85 డెసిబెల్స్‌కి సరిచేసి ఉంటుంది. మన మాస్ సినిమాను పదిమంది కూర్చున్న చిన్న హాలులో ఆ స్థాయిలో వేస్తే ఫైటు మొదలవగానే సార్ వెనక్కి తిరిగి చూస్తారు. జనం నిండిన హాలులో ఒళ్లు, బట్టలు కొంత శబ్దాన్ని పీల్చుకుంటాయి. ఖాళీ హాలులో ఆ సౌకర్యం లేదు. నాలుగున్నర, ఐదు దగ్గర మొదలుపెట్టి, గుసగుసలాడే సీను ఒకటి వినబడుతోందో లేదో చూసి అక్కడే ఉంచేయాలి.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలివానొస్తే కరెంటు సంగతి నగరంలో అందరికీ తెలిసిందే. సర్వర్ యూపీఎస్ మీద ఉంటుంది, ప్రొజెక్టర్‌లోని జెనాన్ ల్యాంపు సాధారణంగా ఉండదు. జనరేటర్ అందుకునే ఆ పదీ ఇరవై సెకన్లలో ల్యాంపు ఆరిపోతుంది. వేడి మీదున్న బల్బు వెంటనే వెలగకపోవచ్చు, కాస్త చల్లారాలి. వాన వాసన తగలగానే జనరేటర్ మీదకు ముందే మార్చేయడం మేలు, డీజిల్ పోతే పోయింది. లేజర్ ప్రొజెక్టర్ ఉన్న హాలయితే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. ఫోన్ వచ్చి మధ్యలో ఆపాల్సొస్తే ల్యాంపు ఆర్పకూడదు. ల్యాంపు వెలుగును అడ్డుకునే మూత, డౌసర్‌ని మూసి, సర్వర్‌ను పాజ్‌లో పెట్టి, హాలు లైట్లు సగం వేయాలి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పది పదిహేను సెకన్లు వెనక్కి వెళ్తే కథ అందుతుంది. "ఆపు" అనే మాట ఒక్కరి నోటి నుంచే క్యాబిన్‌కి వెళ్లాలి, ఇంటర్‌కమ్‌లో. గన్‌మన్ ఒకటి, నిర్మాత మనిషి ఇంకొకటి చెబితే ఆపరేటర్ ఏం చేస్తాడు?

ఇంటర్వెల్‌లో టీ, పాప్‌కార్న్ కన్నా కాగితాలు ప్రమాదం. టికెట్ రేట్ల పెంపు, అదనపు షోల అనుమతుల ఫైళ్లు ప్రభుత్వం దగ్గరికే వస్తాయి కాబట్టి, సినిమా చూపించినవాళ్లు ఆ పది నిమిషాల్లో వినతిపత్రం చేతిలో పెట్టాలని చూస్తారు. దాన్ని మర్యాదగా తీసుకుని ఫైల్లో పెట్టేది సహాయకుడే కావాలి. బయట మైకుల ముందు సార్ అనే "బాగుంది" మర్నాటికి పోస్టరెక్కుతుంది. అందుకే టైటిల్స్ పడుతుండగా లైట్లు ఒక్కసారిగా వేయకుండా మెల్లగా పెంచి, ఆ రెండు నిమిషాల్లో ఆయన అభిప్రాయం ఏమిటో తెలుసుకోవాలి.

ఆ మాట ఎంత దూరం వెళ్తుందో చెప్పలేం. 1983 జూన్‌లో క్యాంప్ డేవిడ్‌లో రీగన్ ఒక సినిమా చూశారు. అందులో ఒక కుర్రాడు ఇంటి కంప్యూటర్‌తో సైన్యం కంప్యూటర్లోకి చొరబడతాడు. కొద్దిరోజుల్లోనే ఒక సమావేశంలో ఆయన అమెరికా సైన్యాధిపతుల కమిటీ ఛైర్మన్ జనరల్ వెస్సీని ఇది నిజంగా జరిగే పనేనా అని అడిగారు. మనం అనుకున్నదానికన్నా పరిస్థితి ఘోరంగా ఉందని జవాబొచ్చింది. 1984 సెప్టెంబరులో కంప్యూటర్ల భద్రత మీద అధ్యక్ష ఆదేశం వెలువడింది.

కాన్వాయ్ వెళ్లిపోయాక కూడా క్యాబిన్‌లో ఫ్యాను మరో పది పదిహేను నిమిషాలు తిరగాలి, ల్యాంపు చల్లారేదాకా. విడుదల కాని సినిమా అయితే సర్వర్ నుంచి తీసేసి, డిస్కు మీద పేరు సరిచూసి, సంతకం పెట్టించుకుని ఇచ్చేయాలి. సినిమా తీసేసినా సర్వర్ లాగ్ మిగులుతుంది. ఎన్ని గంటలకు మొదలైంది, ఏ నిమిషంలో ఆగింది, ఎంతసేపటికి మళ్లీ కదిలింది అన్నీ అందులో ఉంటాయి. ఫోన్ ఎవరిదో మాత్రం ఉండదు.